మార్కులు వేయని కాగితం: కౌమారంలోని పిల్లలు బొమ్మలతో మనసు విప్పుకోవడానికి తోడుండే విధానం

మన వైపు ‘రంది’ అని ఒక మాట ఉంది. దిగులు, బెంగ, చింత అనే మాటలు దానికి దగ్గరగా వస్తాయి గాని దాని బరువు మొత్తాన్ని మోయలేవు. ‘ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా’ అని నానమ్మ అడిగితే ఏడెనిమిదేళ్ల పిల్లవాడు ఏదో ఒకటి చెబుతాడు. పదహారేళ్లవాడిని అదే మాట అడిగితే ‘ఏం లేదు’ అంటాడు. మరీ గుచ్చి అడిగితే ‘ఎట్లనో ఉంది’ అని ఫోన్‌లోకి తల దించుకుంటాడు. పెద్దలు దాన్ని దాపరికమనో పొగరనో అనుకుంటారు. చాలాసార్లు అది రెండూ కాదు. లోపల ఉన్నదానికి అతని దగ్గర ఇంకా పేరు లేదు, అంతే.

హనుమకొండలో చిత్రలేఖనం నేర్పుతూ, కొన్నేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలతో కూర్చుని బొమ్మలు వేయిస్తున్నాను. అలాంటి పిల్లల పక్కన కూర్చోవాలనుకునే తల్లిదండ్రుల కోసం, అక్కల, అన్నల కోసం, బడి పంతుళ్ల కోసం, హాస్టల్ వార్డెన్ల కోసం ఇది రాస్తున్నాను. ఇది చికిత్స కాదని ముందే చెప్పాలి. క్షయ వ్యాధితో శానటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ కోలుకున్న ఏడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1942లో ‘ఆర్ట్ థెరపీ’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆ తర్వాత అది ప్రత్యేకమైన చదువు, శిక్షణ, పర్యవేక్షణ అవసరమైన వృత్తిగా ఎదిగింది. మనం చేసేది అది కాదు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద తడిగుడ్డ వేసే అమ్మ వైద్యురాలు కాదు, అయినా ఆ తడిగుడ్డ అవసరమే.

పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వయసులో కోపాన్ని, భయాన్ని రగిలించే మెదడు భాగాలు ముందే చురుకుగా ఉంటాయి. వాటికి పగ్గం వేసే ముందరి భాగం ఇరవై అయిదేళ్ల వయసు దగ్గరపడేదాకా ఎదుగుతూనే ఉంటుంది. మాట వెనకబడినప్పుడు చెయ్యి కొంత దూరం ముందు నడవగలదు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్లకు రంగు పెన్నులు, మట్టి, అతికించుకునే కాగితాలు ఇచ్చి 45 నిమిషాల పాటు నచ్చింది చేసుకోమన్నారు. దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో ఒత్తిడికి గుర్తుగా కొలిచే కార్టిసాల్ తగ్గింది. పాల్గొన్నవారు పిల్లలు కారు, సంఖ్య కూడా చిన్నది, కాబట్టి దాన్ని చూపించి ఎవరికీ హామీలు ఇవ్వకూడదు. నాకు అందులో పనికొచ్చిన విషయం మరొకటి: ఇంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నవారికీ లేనివారికీ ఫలితంలో తేడా కనిపించలేదు.

‘నాకు బొమ్మలు రావు సార్’ అనే మాటే ఈ పనికి మొదటి అడ్డంకి కాబట్టి దీన్ని చెబుతున్నాను. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో ఇంటర్ చదివే పిల్లల చేతుల్లోంచి వెళ్లే ప్రతి కాగితం ఎవరో ఒకరి ఎర్ర సిరా కోసమే వెళుతుంది. స్లిప్ టెస్టు, వీక్లీ టెస్టు, గ్రాండ్ టెస్టు, ఆపైన సెక్షన్ వారీ ర్యాంకుల పట్టిక గోడకెక్కుతుంది. మార్కులు వేయని కాగితం ఒకటి ఉంటుందని వాళ్లకు నమ్మకం కుదరడానికే రెండు మూడు వారాలు పడుతుంది. అది కుదిరేలా చూడడమే మన అసలు పని. మిగిలిన పద్ధతులన్నీ దాని తర్వాతే.

కాగితం, రంగులు, చోటు

ఖరీదైన సామాను కొనకండి. మంచి కాగితం ఇస్తే పాడుచేస్తానేమోనన్న భయం మళ్లీ మొదలవుతుంది. ఏ3 కొలత డ్రాయింగ్ షీట్లు, పాత క్యాలెండర్ల వెనకవైపు, ఖాకీ రంగు ప్యాకింగ్ కాగితం, పాత దినపత్రికలు చాలు. మొదట్లో నేను కోచింగ్ పరీక్షల ప్రశ్నపత్రాల వెనకవైపును వాడాను; పొదుపు అనుకున్నాను. కాగితం ముందువైపు ఉన్న ప్రశ్నలు వెనకకు లీలగా కనిపిస్తుంటే పిల్లల భుజాలు బిగుసుకోవడం గమనించాక మానేశాను.

రంగుల్లో ఆయిల్ పాస్టెల్స్ అన్నిటికంటే ఉపయోగం. గట్టిగా రుద్దితే ముదురుగా, తేలికగా తాకిస్తే పలచగా వస్తాయి; చేతి బలమే రంగవుతుంది. పెట్టెలో నల్లది అందరికంటే ముందు అయిపోతుంది కాబట్టి నల్లవి విడిగా మరికొన్ని కొని ఉంచండి. నలుపు ఎక్కువ వాడితే కంగారు పడవద్దు. బొగ్గు ముక్కలు, గోడలకు పూసే జాజు, పసుపు, సున్నం కూడా రంగులే; ఫాల్గుణంలో మోదుగు పూలు దొరికితే నానబెట్టి నారింజ రంగు తీయవచ్చు. వినాయక చవితి ముందు కుమ్మరుల దగ్గర బంకమట్టి అడిగి తెచ్చుకుంటే నెలల పాటు తడిగుడ్డలో నిలువ ఉంటుంది. రబ్బరు మాత్రం కనపడకుండా దాచేయండి. తప్పు దిద్దుకోవడం వాళ్లకు అలవాటైపోయింది. ఇక్కడ తప్పే లేదు.

ఒక జాగ్రత్త ఉంది. పెన్సిలు, స్కేలు, పాస్టెల్ వంటివి చెప్పుచేతల్లో ఉంటాయి. నీటి రంగు, తడిమట్టి చెప్పినట్టు వినవు, జారిపోతాయి, వాటితోపాటు మనసులోది కూడా ఒక్కసారిగా జారవచ్చు. బాగా కలత చెందిన పిల్లవాడికి మొదటిరోజే నీటి రంగులు ఇవ్వడం మంచిది కాదు. పెన్సిలుతో, అవసరమైతే స్కేలుతోనే మొదలుపెట్టనివ్వండి; స్కేలు పట్టుకుని గళ్లు గీసుకునే పిల్లవాడు తన కాళ్ల కింద నేల గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

చోటు విషయానికొస్తే, తలుపు వేయగలిగేది, వచ్చిపోయేవారు భుజం మీదుగా తొంగిచూడనిది అయితే చాలు. హాస్టళ్లలో భోజనాల గది ఆదివారం మూడింటికి ఖాళీగా ఉంటుంది. ప్రతి వారం అదే రోజు, అదే సమయం, గంటకు మించకుండా ఉండాలి. ఈ నియమం ఎందుకంటే, వారమంతా లోపల పెట్టుకున్నదాన్ని తీసి పెట్టే చోటు ఒకటి ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే పిల్లలు అప్పటిదాకా దాన్ని మోయగలుగుతారు.

మొదటి పదిహేను నిమిషాలు

‘నీ బాధ గీయి’ అని ఎప్పుడూ అడగకండి. అది ‘నీ బాధ చెప్పు’ అనడం కంటే కష్టమైన ప్రశ్న. గీతలతో మొదలుపెట్టాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమచేత్తో, కళ్లు మూసుకుని, ఒక నిమిషం పాటు పెన్సిలు ఎత్తకుండా కాగితమంతా గీకమనండి. ఎడమచేయి వంకరగానే గీస్తుందని అందరికీ తెలుసు కాబట్టి బాగా రావాలన్న ఆరాటం అక్కడే తెగిపోతుంది. గదిలో నవ్వులు వినిపిస్తాయి. తర్వాత ఆ గజిబిజిని నాలుగు వైపులా తిప్పి చూసి, అందులో ఏదైనా కనిపిస్తే దానికి రంగు వేసుకోమనండి. ఏమీ కనిపించకపోయినా సరే, గళ్లు నింపుకోమనండి. మీరు కూడా గీయండి. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డ పెద్దమనిషి ఇన్విజిలేటర్‌లా ఉంటాడు.

రెండో వారం నుంచి గీతకు మనసును జోడించవచ్చు. కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, ఒక్కో గడిలో బొమ్మ లేకుండా ఒట్టి గీతలతోనే కోపం, విసుగు, సిగ్గు, ఎదురుచూపు, రంది వంటివి వేయమంటాను. కోపపు గీత ఎలా ఉంటుందో అందరూ ఇట్టే వేస్తారు. రంది దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగుతాయి. ఒకరు పలచని గీతను గుండ్రంగా తిప్పుతూ తిప్పుతూ కాగితం చిరిగేదాకా వేశారు. మరొకరు గడి మొత్తం వదిలేసి ఒక మూల చిన్న చుక్క పెట్టారు. ఈ రెండూ ఒకే మాటకు వచ్చిన జవాబులని గదిలో అందరూ చూస్తారు. ‘ఎట్లనో ఉంది’ అనే మాట వెనక ఒక్కొక్కరికి ఒక్కో ఆకారం ఉందని ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే వాళ్లకు తెలుస్తుంది.

వారం రోజుల పటం

నేను చేయించే పనుల్లో పిల్లలు ఎక్కువకాలం పట్టుకుని వేలాడేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చేర్యాల నకాషీ పటాలు మనకు కొత్త కాదు. 2016లో జిల్లాల విభజన జరిగేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఆ పటాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పట్టించి ఆరబెట్టి, ఎర్రని నేపథ్యం మీద కథను గడులు గడులుగా వేస్తారు. కాకిపడగల వారి వంటి కథకులు ఊరి మధ్య ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో గడిని చూపిస్తూ కథ చెప్పేవారు. విప్పని భాగం చుట్టలోనే ఉంటుంది. మన పనికి కావలసింది ఆ చుట్ట: ఎంత చూపించాలో పటం పట్టుకున్నవాడి చేతిలోనే ఉంటుంది.

డ్రాయింగ్ షీట్లను నిలువుగా సగానికి కోసి, మైదాపిండితో కాచిన లైతో ఒకదాని చివర ఒకటి అతికించి, జానెడు వెడల్పు పట్టీ తయారుచేయండి. ముందు మొత్తానికి జాజుగాని ఎర్ర పోస్టర్ రంగుగాని పూసి ఆరనివ్వాలి. తెల్ల కాగితం ముందు బిగుసుకుపోయేవాళ్లు ఎర్ర నేల మీద తేలికగా మొదలుపెడతారు. తర్వాత ఏడు గడులు చేసి, మధ్యలో పూల అంచో గళ్ల అంచో వేసుకోమనండి. అంచులు వేయడానికే ఒక ఆదివారం గడిచిపోతుంది, గడవనివ్వండి. పువ్వు తర్వాత పువ్వు వేస్తున్నప్పుడే ఎక్కువ మాటలు బయటికి వస్తాయి, ఎందుకంటే కళ్లు ఎవరినీ చూడనవసరం లేదు. ఆ తర్వాత రోజుకో గడిలో ఆ వారంలో జరిగింది వేస్తారు. మన పాత పటాల్లో కథకు ముఖ్యమైనవారిని పెద్దగా, తక్కినవారిని చిన్నగా వేసేవారని గుర్తుచేసి, ఆ రోజు ఎవరు ఎంత పెద్దగా అనిపించారో అంతే పెద్దగా వేయమని చెప్పండి. ఒక అమ్మాయి పటంలో పొలం దగ్గర నిలబడ్డ నాన్న చిటికెన వేలంత, నాన్న చేతిలోని ఫోను తలుపంత ఉన్నాయి. నేనేమీ అడగలేదు. ‘ఆ రోజు పత్తి రేటు తెలిసింది సార్’ అని ఆమే చెప్పింది.

మరో అమ్మాయి ఆరు గడులు నింపి మంగళవారం గడిని ఎర్రగానే వదిలేసింది. చుట్టూ అంచు మాత్రం మిగతావాటికంటే శ్రద్ధగా, రెండు వరుసల పూలతో వేసింది. అలాంటి ఖాళీని చూసినప్పుడు ‘ఇదెందుకు వదిలేశావ్’ అని అడగాలని నాలుక దాకా వస్తుంది. ఆపుకోవాలి. ‘ఈ గడికి అంచు చాలా ఓపికగా వేశావు’ అన్నాను. ఆమె తల ఊపి పటం చుట్టేసుకుంది. మూడు వారాల తర్వాత, ఎవరూ అడగకుండా, పటం విప్పి ఆ గడిలో ఒక చెప్పుల జత వేసింది, అంతే. చనిపోయిన తాత చెప్పులవి.

మరికొన్ని పనులు

బతుకమ్మను పైనుంచి చూస్తే వరుసలు వరుసలుగా వలయాలు కనిపిస్తాయి. అంచున తంగేడు, గునుగు, నడుమ పసుపు గౌరమ్మ. కాగితం మీద అలాగే నాలుగైదు వలయాలు గీయించి, బయటి వలయంలో అందరికీ కనిపించేది, లోపలికి పోయేకొద్దీ కొందరికే తెలిసినది, నడిమిలో తనకు మాత్రమే తెలిసినది రంగులతో నింపమనవచ్చు. నడిమి వలయంలో ఏముందో చెప్పాల్సిన పని లేదని ముందే మాట ఇవ్వండి, ఇచ్చాక తప్పకండి.

హాస్టల్ పిల్లలకు గంట సమయం కూడా దొరకదు. వారికి కొత్తవాడ జంపఖానా పద్ధతి సరిపోతుంది. వరంగల్ జంపఖానాల మీద ఉండే పట్టెల్లాగా, రాత్రి పడుకునే ముందు నోటుపుస్తకంలో వేలి మందం పట్టె ఒకటి, ఆ రోజుకు తగిన రంగులో వేసుకోవడమే పని. అర నిమిషం పడుతుంది. నెల తిరిగేసరికి ముప్పై పట్టెల జంపఖానా తయారవుతుంది. ఒకసారి ఒకబ్బాయి తన జంపఖానాలో ప్రతి ఆదివారం పట్టె మట్టిరంగులో ఉండడం తానే గమనించి ఆశ్చర్యపోయాడు. ఆదివారం సెలవు కదా, బాగుండాలి కదా అనుకునేవాడట. ఆలోచిస్తే ఆ రోజే తోటివాళ్ల అమ్మానాన్నలు చూడడానికి వచ్చేది.

కొబ్బరి చిప్ప, చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో చేసే చేర్యాల మాస్కులను చూపించి, అట్టతో మాస్కు చేయించి బయటివైపు ఒక ముఖం, లోపలివైపు మరో ముఖం వేయించడం కూడా బాగుంటుంది. మగపిల్లలు దీనికి త్వరగా లొంగుతారు. ‘మగపిల్లవాడివి ఏడుస్తావా’ అని విని పెరిగినవాళ్లు గదా, లోపలివైపు వేసిన ముఖాన్ని తమ ముఖానికే ఆనించుకుని కూర్చోవడం వారికి నచ్చుతుంది. శరీరంలో రంది ఎక్కడ ఉందో వేయించే పని కూడా ఉంది. అయితే పిల్లవాడిని కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ గీసే పద్ధతి ఈ వయసువారికి వద్దు. అరచేయంత మనిషి ఆకారం గీసి ఇస్తే చాలు. గొంతు దగ్గర, పొట్ట దగ్గర రంగులు చేరతాయి.

చూడడం, మాట్లాడడం

అసలు నైపుణ్యం గీయడంలో లేదు, చూడడంలో ఉంది. ‘బాగుంది’, ‘సూపర్’ అనేవి కూడా మార్కులే. ఈ వారం సూపర్ అన్నవారు వచ్చే వారం ఏమీ అనకపోతే పిల్లవాడికి మార్కులు తగ్గినట్టే. దానికి బదులు కంటికి కనిపిస్తున్నదాన్నే చెప్పండి: ‘ఈ మూల చాలా గట్టిగా రుద్దావు’, ‘ఈ ఇంటికి మూడు తలుపులు పెట్టావు’, ‘ఈ నీలం మొదట్లో లేదు, తర్వాత వచ్చింది’. ఆ తర్వాత ఆగండి. అవతలివారు ఏమీ అనకపోతే మౌనంగా ఉండండి. అడగదలిస్తే ‘దీనికి పేరు పెడితే ఏం పెడతావు?’ అనో, ‘ఈ బొమ్మలో నువ్వు ఎక్కడ నిలబడ్డావు?’ అనో అడగవచ్చు. ‘ఎందుకు’ అనే మాట మాత్రం వద్దు. దానితో మొదలయ్యే ప్రశ్న ఏదైనా మన ఇళ్లల్లో సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది.

అర్థాలు చెప్పే అలవాటు అన్నిటికంటే చెడ్డది. నలుపు అంటే నిస్పృహ, ఎరుపు అంటే కోపం, కిటికీలు లేని ఇల్లు అంటే ఒంటరితనం అని ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలను పక్కన పెట్టండి. ఇంటర్ రెండో ఏడాది చదివే ఒకబ్బాయి ఒకరోజు కాగితమంతా పసుపు పాస్టెల్ పూసి, దాని మీద నల్లది దట్టంగా రుద్ది, బాల్‌పెన్ మూతతో గీకుతూ వరుసగా చిన్న చిన్న చదరాలు తెరిచాడు. నల్లని మైనం పొట్టు పొట్టుగా రాలుతుంటే దాన్ని ఊదుకుంటూ దాదాపు నలభై నిమిషాలు తల ఎత్తలేదు. వాళ్లది మంచిర్యాల. ఆ రోజు చూడడానికి వచ్చిన తల్లి ఆ చదరాలను చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, ‘హాస్టల్ని జైలు లెక్క గీసిండు సార్’ అంది. నేను కూడా అదే అనుకుంటున్నాను. అబ్బాయి ఇద్దరినీ వింతగా చూశాడు.

‘జైలు గాదమ్మా, రైలు. రాత్రి బండి. కాజీపేటల ఎక్కుత గదా.’

జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటుతూ ఇంటికి పోయే బండి కిటికీలవి. అతని దిగులు నిజమే, తల్లి దాన్ని పట్టుకున్నదీ నిజమే. కాని ఆ బొమ్మలో ఉన్నది తాళం వేసిన గది కాదు, ఇంటివైపు వెళ్లే దారి. మేమిద్దరం ముందే అర్థం చెప్పేసి ఉంటే అతడు ఔననేసి ఊరుకునేవాడు. పిల్లలు పెద్దల అర్థాలకు ఔననడానికి బాగా అలవాటుపడి ఉంటారు.

బొమ్మ ఎవరిది

గీసినవారిది. ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు. నేను తప్పు చేసి నేర్చుకున్నది. మొదటి ఏడాది ఒక అమ్మాయి వేసిన బొమ్మ చాలా బాగుందని ముచ్చటపడి, పేరు చెప్పకుండానే ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్ల గుర్తులు నలభై దాకా వచ్చాయి. తరువాతి ఆదివారం ఆమె రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. మార్కులు వేయనని చెప్పి, నలభై మందితో మార్కులు వేయించాను.

అప్పటి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పేరు, తేదీ బొమ్మ వెనకవైపే రాస్తారు. ఒక్కొక్కరికి ఒక అట్ట ఫైలు ఉంటుంది, దాని దారం వాళ్లే ముడి వేస్తారు. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో ఉంటాయి, నాది కూడా. ఇంట్లో ఫోన్‌లో బొమ్మలు వేసుకునే పిల్లలున్నారు, అందులో తప్పేమీ లేదు. స్టేటస్‌లో పెట్టేముందు ఒక రాత్రి ఆగమని మాత్రం చెబుతాను. ప్రదర్శన కావాలంటే దాని కోసమే వేరుగా బొమ్మలు వేయిస్తాను.

బొమ్మను నాశనం చేసే హక్కు కూడా వారిదే. దీనికి పెద్దలు నొచ్చుకుంటారు గాని మనకిది అలవాటైన విషయమే. ఐనవోలులో, కొమురవెల్లిలో మల్లన్నకు ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడితో ఎంతో ఓపికగా నేల మీద పట్నం అనే ముగ్గు వేసి చివరకు దాన్ని తొక్కుతారు. పొద్దంతా పేర్చిన బతుకమ్మను సాయంత్రం పద్మాక్షి గుట్ట చెరువులో వదిలేసి వస్తాం. చేసి వదిలేయడం కూడా పనిలో భాగమే. చింపేస్తానంటే చింపనివ్వండి, బంకమట్టి ముఖాన్ని మళ్లీ ముద్ద చేస్తానంటే చేయనివ్వండి. చింపిన ముక్కలను కొందరు మరుసటి వారం కొత్త కాగితం మీద అతికించుకుంటారు.

ఎప్పుడు ఆగి, వేరే సాయం తీసుకోవాలి

ఒక బొమ్మను చూసి పిల్లవాడి పరిస్థితిని తేల్చలేమన్నది ఎంత నిజమో, కొన్నిటిని విస్మరించకూడదన్నది అంతే నిజం. చావు, ఉరి, రక్తం, తాను లేని కుటుంబం వంటివి వారాల తరబడి తిరిగి తిరిగి వస్తుంటే, వాటితోపాటు నిద్ర, తిండి రెండు వారాలకు పైగా తప్పుతుంటే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, ఒంటి మీద కోసుకున్న గాట్లు కనిపిస్తే ఇక బొమ్మల పని ఆపి నేరుగా మాట్లాడాలి. పక్కకు పిలిచి, మామూలు గొంతుతో, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కరలేదు, అలా జరగదు. అడిగినవారు ఒకరున్నారన్న ఊరటే ఎక్కువ. ఔనంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి, ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. పత్తి, మిర్చి పండించే ఇళ్లల్లో పురుగుల మందు డబ్బా చేతికందే చోట ఉంటుంది. ఆ రోజే దాన్ని తాళంలోకి మార్చాలి, లేదా ఇంట్లోంచే తీసేయాలి. ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో అందరి ఇళ్లల్లోనూ ఈ పని చేయడం మంచిది.

మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం అందించే టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు, వార్డెన్లు కూడా చేయవచ్చు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రాణాపాయం అనిపిస్తే 112. బొమ్మ వేస్తూ పిల్లలు తమపై జరిగిన లైంగిక హింస గురించి చెబితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. పిల్లల సహాయానికి 1098 ఉంది. అప్పుడు చేయకూడనిది ఒక్కటే, మళ్లీ మళ్లీ ప్రశ్నలు వేసి, బొమ్మలు వేయించి ఆధారాలు సేకరించాలనుకోవడం. చెప్పింది నమ్మి, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకుని, తెలియజేయాల్సినవారికి తెలియజేయండి.

ముగించే రోజు

పరీక్షల ముందు, సాధారణంగా ఫిబ్రవరిలో, ఆదివారాలు ఆగిపోతాయి. ఆ సంగతి నెల ముందే చెప్పాలి. చివరి వారం కొత్త బొమ్మలేమీ ఉండవు. ఎవరి ఫైలు వాళ్లు విప్పుకుని, మొదటి వారం ఎడమచేత్తో గీకిన కాగితం నుంచి వరుసగా నేల మీద పరుచుకుని, తమకు తామే చూసుకుంటారు. నేను ఆ అరగంట బయట వరండాలో ఉంటాను. తర్వాత ఏది ఇంటికి, ఏది చెరువుకు, ఏది పొయ్యిలోకి అన్నది వాళ్ల ఇష్టం. మూడింటికీ ఏర్పాటు చేసి ఉంచండి; ఇంటికి తీసుకెళ్లలేనివాళ్లకు బీరువాలో ఒక అర కూడా ఖాళీ చేసి పెట్టండి.

మంచిర్యాల అబ్బాయి రైలు బొమ్మను తల్లి అడిగి తీసుకెళ్లింది. ఎర్ర పటం అమ్మాయి మాత్రం మంగళవారం గడి అన్నిటికంటే లోపలికి వచ్చేలా పటాన్ని వెనక నుంచి చుట్టి, దారం కట్టి, ‘ఎగ్జామ్స్ అయినంక వస్త సార్, మీ తాన్నే ఉండనియ్యుండ్రి’ అని నా చేతిలో పెట్టింది. పై అరలో ఉంది.